క్షమాభిక్ష కాదు, ఋణవిమోచనము

యుద్ధము ముగియుట వేరు, యుద్ధకాలమున పుట్టిన భయము ముగియుట వేరు. ఫిరంగులు మూగవోయిన మరునాడే సైనికుడు ఇంటిదారి పట్టును. ఓడిన రాజ్యముతో సంధిపత్రము సిద్ధమగును. నిన్నటివరకు శత్రువులైన వర్తకులు మరల సరకులు మార్చుకొందురు. కాని, ఈ యుద్ధము కూడదని యొక సభలో పలికినందుకు చెరసాల చేరినవాడు మాత్రము చెరసాలలోనే యుండును. శత్రువుతో సంధి చేసికొన్న ప్రభుత్వము తన పౌరునితో సంధి చేసికొనుటకు ఏండ్లకొలది వెనుకాడును.

అట్టివారిని విడిపించు నధికారము అనేక ప్రజాప్రభుత్వములందు దేశాధ్యక్షుని చేతిలో నున్నది. దానికి మనము క్షమాభిక్ష యని పేరు పెట్టుకొన్నాము. చిక్కంతయు ఈ పేరులోనే యున్నది. భిక్ష యనగా ఇచ్చువాడు దాత, పుచ్చుకొనువాడు యాచకుడు. దొంగ విషయమున, హంతకుని విషయమున ఈ మాట యొప్పిన నొప్పవచ్చును. మాటకు శిక్ష పడినవాని విషయమున నొప్పదు. అట్టివానిని విడిచిపెట్టు ప్రభుత్వము దానము చేయుట లేదు. తాను పడిన ఋణమును తీర్చుకొనుచున్నది. ఋణమును సకాలమున తీర్చవలెను; మొత్తము తీర్చవలెను; ఋణదాతచేత దండము పెట్టించుకొనక తీర్చవలెను. ఇదియే మా వాదము. దీనికి సాక్ష్యముగా అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1917 మొదలు 1933 వరకు నడచిన పదునారేండ్ల చరిత్రను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

1917 ఏప్రిలు 6వ తేదీన అమెరికా జర్మనీపై యుద్ధము ప్రకటించెను. జూను 15వ తేదీన గూఢచర్యశాసనము అమలునకు వచ్చెను. పేరు వినగానే శత్రుదేశపు వేగులవారికొరకు చేసిన శాసన మనిపించును. కాని యందలి యొక నిబంధన సైన్యములో అవిధేయత పుట్టించు యత్నమును, సైనికుల చేరికకు అడ్డు తగులుటను నేరములుగా జేసి, ఇరువదేండ్ల చెరను, పదివేల డాలర్ల జుల్మానాను విధించినది. 1918 మే 16వ తేదీన దానికి సవరణ వచ్చెను. లోకము ఆ సవరణను రాజద్రోహశాసన మని పిలిచినది. రాజు లేని దేశమున రాజద్రోహ మెట్లు పుట్టెనో! ప్రభుత్వపద్ధతిని, రాజ్యాంగమును, సైన్యమును, పతాకమును, తుదకు సైనికుల యుడుపులను నిందించి పలుకుటయు దానివలన నేరమయ్యెను. ఈ శాసనముల క్రింద రెండువేల మందికి పైగా అభియోగములు నడచెను. వేయిమందికి పైగా శిక్షలు పడెను.

ఆ శిక్షితులలో వేగులవారెవ్వరో వెదకి చూచినచో పిచ్చుకపై బ్రహ్మాస్త్రమన్న సామెత జ్ఞప్తికి వచ్చును. రాబర్టు గోల్డ్‌స్టీను అను చలనచిత్రనిర్మాత అమెరికా స్వాతంత్ర్యసమరమునుగూర్చి ‘స్పిరిట్ ఆఫ్ సెవెంటీసిక్స్’ అను చిత్రమును తీసి, అందు ఆనాటి బ్రిటిషుసైనికుల క్రూరకృత్యములను చూపెను. బ్రిటను ఇపుడు మిత్రరాజ్యము గనుక మిత్రునిపై ద్వేషము పుట్టించుట యుద్ధమునకు విఘాతమని చెప్పి, ఆయనకు పదేండ్ల చెర విధించిరి. తమ స్వాతంత్ర్యకథను తామే చెప్పుకొనుట నేరమైన ఈ వింతను మన పాఠకులకు వేరుగ వివరింప నక్కరలేదు. కేట్ రిచర్డ్సు ఓహేర్ అను సోషలిస్టు మహిళకు నార్త్ డకోటాలోని బౌమన్ అను చిన్నయూరిలో 1917 జూలైలో చేసిన యుపన్యాసమునకు ఐదేండ్ల చెర పడెను. ఆమె నలుగురు బిడ్డల తల్లి. 1918 ఆగస్టులో న్యూయార్కులో కరపత్రములు వెదజల్లిన మువ్వురు యువకులకు ఇరువదేండ్లు, మాలీ స్టైమర్ అను యువతికి పదునైదేండ్లు పడెను. ఆ కరపత్రములు జర్మనీని సమర్థించినవి కావు. రష్యాలోనికి అమెరికాసైన్యమును పంపుటను ఖండించినవి.

వీరందరిలో మిక్కిలి ప్రసిద్ధుడు యూజీన్ డెబ్స్. రైల్వేకార్మికుల నాయకుడు. సోషలిస్టుల పక్షమున అంతకుముందే నాలుగుమారులు అధ్యక్షపదవికి పోటీ చేసినవాడు. 1918 జూను 16వ తేదీన ఓహాయో రాష్ట్రములోని కాంటను పట్టణమున, ఆ యూరి చెరలో నున్న తన సహచరులను చూచివచ్చి, బహిరంగసభలో రెండుగంటలకాలము మాటాడెను. అందు అధికభాగము సోషలిజమునుగూర్చినదే. యుద్ధములను ప్రకటించువారు పాలకులని, పోరి చచ్చువారు శ్రమజీవులని, ఆ ప్రకటనవేళ శ్రమజీవుల నడుగు నాథుడు లేడని కొంత చెప్పెను. సభలో నున్నవారెవ్వరును ఆ మాటలు విని సైన్యమును విడిచి పారిపోయినట్లు ఋజువు చేయవలసిన యవసరమే ప్రభుత్వపక్షమునకు కలుగలేదు. ఉద్దేశమును మాటలనుండి యూహించుట చాలునని విచారణ సాగెను. డెబ్స్ తన తరపున సాక్షుల నెవ్వరిని పిలువలేదు. జ్యూరీ యెదుట తానే నిలిచి, ఆడిన మాట నొక్కదానిని గూడ వెనుకకు తీసికొననని చెప్పెను. సెప్టెంబరు 14వ తేదీన పదేండ్ల చెర విధింపబడెను.

ఇచట తేదీలను జాగ్రత్తగా గమనింపవలెను. 1918 నవంబరు 11వ తేదీన యుద్ధము నిలిచిపోయెను. 1919 మార్చి 10వ తేదీన సుప్రీముకోర్టు న్యాయమూర్తులందరు ఏకగ్రీవముగా డెబ్స్ శిక్షను ఖాయపరచిరి. తీర్పు వ్రాసినవాడు న్యాయమూర్తి హోమ్స్. ఏప్రిలు 13వ తేదీన డెబ్స్ చెరసాలలో అడుగుపెట్టెను. అప్పటి కాయన వయస్సు అరువదిమూడేండ్లు. అనగా, సైనికుల చేరికకు అడ్డు తగులకుండ నాపుటకై చేసిన శాసనము క్రింద, సైనికులు ఇండ్లకు తిరిగివచ్చుచున్న దినములలో, యుద్ధము నిలిచిన ఐదునెలలకు, ఆ వృద్ధుని చెరలో బెట్టిరి! ఇంటి మంటలారిన పిమ్మట నీళ్లు పోయుట నవ్వుబాటు. మంటలారిన పిమ్మట పొరుగువానిని బావిలో త్రోయుట నవ్వుబాటు గాదు, క్రౌర్యము. తీర్పు వ్రాసిన హోమ్సే ఆ నెలలోనే తన మిత్రున కొక లేఖ వ్రాయుచు, అధ్యక్షుడు కొన్ని క్షమాదానములు చేయుట మేలని సూచించెను. ధర్మాసనముపై కూర్చుండి శిక్షను ఖాయపరచిన చేయియే, ఇంట కూర్చుండి విడుదలను కోరినది.

అధ్యక్షుడు విల్సను విడుదల చేయలేదు. ఆయన నన్యాయముగా నిందింపము. గోల్డ్‌స్టీను శిక్షను మూడేండ్లకు తగ్గించినవాడు, 1920లో ఓహేర్‌ను విడిచినవాడు ఆయనయే. కాని డెబ్స్ విషయమున మనసు కరగలేదు. 1920 నవంబరు ఎన్నికలలో డెబ్స్ అట్లాంటా కారాగృహమున ఖైదీయై యుండియు అయిదవమారు అధ్యక్షపదవికి నిలువగా తొమ్మిదిలక్షలకు పైగా వోట్లు వచ్చెను. తీవ్రవాదులని తోచినవారి నెల్ల వేటాడి పట్టించిన అటార్నీ జనరలు పామరే 1921 ప్రారంభమున డెబ్స్‌ను ఫిబ్రవరి 12వ తేదీన, లింకను జన్మదినమున, విడుదల చేయవచ్చునని సిఫారసు పత్రము పంపెను. విల్సను దానిపై నిరాకరణ మాట నొక్కదానిని వ్రాసి త్రిప్పిపంపెను. క్షమ కావలసినది తనకు గాదు, విల్సనుకే యని డెబ్స్ బదులు చెప్పెను.

విల్సను వాదమును న్యాయముగా నుంచుదము. దేశపు యువకులు యుద్ధరంగమున రక్తము ధారపోయుచుండగా ఈతడు వెనుకనుండి వారిని దెబ్బకొట్టెను, ఈతనిని విడిచినచో ఆ బిడ్డల తల్లుల మొగము నే నెట్లు చూతును అను భావ మాయనది. ఆ తల్లుల దుఃఖము నిజము. దానిని తేలికచేయు హక్కు ఎవ్వరికిని లేదు. కాని ఒక వృద్ధుడు అట్లాంటాలో ఖైదీల దుస్తులు ధరించి యుండుటవలన ఏ తల్లి కడుపుకోత తీరినది? మాటవలన కీడు కలిగె ననుకొన్నను, సైనికుల చేరిక ముగిసినప్పుడే ఆ కీడును ముగిసినది. శాసనము చెప్పుకొన్న ప్రయోజనము యుద్ధనిర్వహణము. యుద్ధము లేనప్పుడు ఆ ప్రయోజనమును లేదు. ఇక మిగిలినది కోపము. కోపము మనుష్యునికి సహజమే కాని, రాజ్యము తన కోపమును తీర్చుకొనుటకు చెరసాలను సాధనముగా జేసికొనరాదు.

విల్సను తరువాత వచ్చిన హార్డింగు సోషలిస్టులకు మిత్రుడు గాడు, ధనికవర్గమునకు ప్రీతిపాత్రుడు. ఆయనయే ఆ తలుపు తెరచెను. 1921 మార్చిలో క్రొత్త అటార్నీ జనరలు డాఘర్టీ డెబ్స్‌ను మాటాడుటకై వాషింగ్టనుకు పిలిపించెను. డెబ్స్ అట్లాంటానుండి కావలివాడైన లేక రైలులో వెళ్లి, మాటాడి, తనంతట తానే తిరిగివచ్చి చెరసాలలో ప్రవేశించెను! ప్రమాదకరుడని, బయట నుంచరాని వాడని చెప్పబడిన మనుష్యుని మాటను నమ్మి వందలమైళ్లు ఒంటరిగా పంపిన ప్రభుత్వము, మరి తొమ్మిదినెలలు ఆయనను చెరలోనే యుంచెను. తుదకు డిసెంబరు 23వ తేదీన డెబ్స్‌కును, మరి యిరువదిముగ్గురకును శిక్షాకాలమును తగ్గించి క్రిస్మసు దినమున విడుదల చేయ నుత్తరువయ్యెను. డెబ్స్ వెడలిపోవునప్పుడు అట్లాంటా కారాగృహములోని ఖైదీలు కిటికీలకడ గుమిగూడి జయజయధ్వానములు చేసిరి. మరునాడు హార్డింగు ఆయనను తన భవనమునకు రప్పించుకొని కరస్పర్శ చేసెను.

హార్డింగు ధైర్యమును మేము మెచ్చుకొనుచున్నాము. కాని యిచ్చినదెంత, అట్టిపెట్టుకొన్నదెంత యని లెక్క చూడవలెను. అది పూర్ణక్షమాదానము కాదు, శిక్షాకాలమును తగ్గించుట మాత్రమే. పోయిన పౌరహక్కులు దానితో తిరిగి రాలేదు. డెబ్స్ నేరమునుగూర్చి సందేహము లేదని, ఆయన వృద్ధుడు, దుర్బలుడు గనుక విడుచుచున్నామని ప్రభుత్వము ప్రకటించెను. అనగా ఋణపత్రమును చింపివేయలేదు. వయస్సును చూచి గడువు ఇచ్చెను.

పేరుగలవాడు బయటికి వచ్చెను. పేరులేనివారి మాట యేమి? ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్ అను కార్మికసంఘమువారిని దాదాపు నూరుమందిని 1918లో షికాగోలో న్యాయాధిపతి లాండిస్ యెదుట ఒక్కపెట్టున విచారించి, పలువురకు ఇరువదేండ్లవరకు శిక్షలు విధించిరి. వారిలో ననేకులు డెబ్స్ విడుదలైన పిమ్మటను లెవెన్‌వర్తు చెరసాలలోనే మిగిలిరి. 1922 వసంతమున ఓహేర్ ఖైదీల భార్యలను, బిడ్డలను వెంటబెట్టుకొని ఊరూర సభలు చేయుచు వాషింగ్టను చేరెను. తండ్రులను విడువుడని వ్రాసిన పలకలు పట్టుకొని పసివారు వీధులలో నిలిచిరి. 1923 జూనులో ప్రభుత్వము కొందరికి షరతులతో విడుదల చూపెను: ఇకమీద చట్టమునకు లోబడి నడచుకొందుమని వ్రాసి యియ్యవలెను. కొందరు ఒప్పుకొనిరి, కొందరు నిరాకరించిరి. చేయని తప్పును ఇకమీద చేయమని వ్రాసి యిచ్చుట, ఆ తప్పు చేసితిమని ఒప్పుకొనుటయే గదా! మాలీ స్టైమరును, ఆమె సహచరులను 1921 నవంబరులో దేశము విడిచిపోవలెనను కట్టడతో విడిచి రష్యాకు పంపివేసిరి. అది విడుదలయా, దేశబహిష్కారమా?

రికార్డో ఫ్లోరెస్ మగోన్ అను మెక్సికోవాసికి 1918లో ఇరువదేండ్ల శిక్ష పడెను. చెరలో ఆయన చూపు క్రమముగా మందగించెను. క్షమ వేడుకొన్నచో పని నెరవేరవచ్చునని మిత్రులు చెప్పగా, క్షమ వేడుట తన జీవితకాలపు విశ్వాసమును తానే త్రోసిపుచ్చుట యగునని ఆయన వేడలేదు. 1922 నవంబరు 21వ తేదీన లెవెన్‌వర్తు చెరసాలలోనే మరణించెను. కూలిడ్జి అధ్యక్షుడు ముగ్గురు పెద్దల సంఘముచేత విచారింపజేసి, మిగిలిన ముప్పదియొక్క మందిని విడుదల చేయుట 1923 డిసెంబరు 15వ తేదీన జరిగెను. మగోన్ పోయిన పదుమూడు నెలలకు! శిక్ష ననుభవించి బయటపడిన సుమారు పదునైదువందల మందికి పౌరహక్కులను తిరిగియిచ్చు పూర్ణక్షమాదానమును రూజ్‌వెల్టు అధ్యక్షుడు 1933 డిసెంబరులో ప్రకటించెను. డెబ్స్ 1926 అక్టోబరులోనే కన్ను మూసియుండెను.

దీనిని అమెరికా అంతర్యుద్ధము తరువాతి కథతో పోల్చి చూడుడు. ఆ యుద్ధమున దక్షిణరాష్ట్రములవారు మాటలతో గాదు, ఫిరంగులతో ప్రభుత్వము నెదిరించిరి. ఆరులక్షలకు పైగా మనుష్యులు మరణించిరి. 1865 వసంతమున యుద్ధము ముగిసెను. 1868 క్రిస్మసు దినమున జాన్సను అధ్యక్షుడు ఆ తిరుగుబాటులో పాల్గొన్న వారందరికి, ఏ షరతులు లేకుండ, పూర్ణక్షమాదానము ప్రకటించెను. మూడున్నర యేండ్లు! ఆయుధము పట్టినవారి కందరికి మూడున్నర యేండ్లలో దొరికిన క్షమ, నోరు మెదపినవారిలో కడపటివారికి చెర విడుటకే ఐదేండ్లు, హక్కులు వచ్చుటకు పదునైదేండ్లు పట్టెను. కారణము నూహించుట కష్టము గాదు. ఓడిన దక్షిణమునకు రాష్ట్రములున్నవి, వోట్లున్నవి, భూములున్నవి. వారితో కలసి రాజ్యము చేయవలసియున్నది. కూలివానికి, పరదేశమునుండి వచ్చిన దర్జీవానికి వెనుక బలగ మెవరు? బలవంతునికి సంధి, దుర్బలునికి భిక్ష. అందుచేతనే ఆ మాట మాకు సరిపడలేదు.

ఇక న్యాయశాస్త్రము ఏమి చెప్పుచున్నదో న్యాయవాదవృత్తిలో నున్నవారమగుటచే కొంచెము వివరింతుము. 1915లో అమెరికా సుప్రీముకోర్టు యెదుటకు బర్డిక్ అను పత్రికాసంపాదకుని వ్యాజ్యము వచ్చెను. ఆయన తనకు వార్త చేరవేసినవారి పేర్లను చెప్ప నిరాకరింపగా, ఆయన నోరు విప్పించుటకై విల్సను అడుగకయే క్షమాపత్రము పంపెను. బర్డిక్ దానిని తీసికొనలేదు. క్షమాపత్రము నేరమున్నట్లు సూచించునని, దానిని స్వీకరించుట నేరము నొప్పుకొనుట యగునని, గనుక నిరాకరించు హక్కు కలదని కోర్టు తీర్పు చెప్పెను. ఈ భావము ప్రకారము క్షమ భిక్షయే. కాని 1927లో పెరోవిచ్ వ్యాజ్యమున హోమ్స్ న్యాయమూర్తి దీనిని మార్చెను. క్షమాదానము అధికారమున నున్న వ్యక్తి దయతలచి యిచ్చు సొంత కానుక గాదనియు, రాజ్యాంగవ్యవస్థలో నొక యంగమనియు, తీర్పుచే నిర్ణయింపబడిన దానికంటె తక్కువ శిక్షతో లోకక్షేమము మెరుగుగా నెరవేరునని తలచినప్పుడు అధ్యక్షుడు చేయు నిర్ణయమనియు వ్రాసెను. డెబ్స్ శిక్షను ఖాయపరచిన హోమ్సే ఎనిమిదేండ్ల పిమ్మట ఈ మాట వ్రాసినాడు. అది లోకక్షేమముకొరకు చేయు రాజ్యకార్యమైనచో, ఖైదీ వేడుకొనుటతోను, పశ్చాత్తాపముతోను దానికి పనియేమి?

కొందరు రెండు ఆక్షేపణలు చెప్పుదురు. న్యాయస్థానములు విచారించి విధించిన శిక్షను అధ్యక్షుడు త్రోసివేయుట న్యాయమునకు అవమానము గాదా యని మొదటిది. రాజ్యాంగకర్తలే ఆ యధికారమును అధ్యక్షుని చేతిలో పెట్టిరి. న్యాయాధిపతియు మనుష్యుడే, జ్యూరీలోనివారును ఆ యూరివారే. ఊరంతయు భయజ్వరముతో కాగుచున్నప్పుడు వారుమాత్రము చల్లగా నుందురా? జ్వరము దిగినపిమ్మట తిరిగి చూచుట కొకచోటు కావలెననియే ఆ యధికార మేర్పడెను. దీనికి అమెరికా ఆదికాలమునందే దృష్టాంతమున్నది. 1798లో నచటివారు చేసిన మొదటి రాజద్రోహశాసనము క్రింద శిక్షితులైనవారిని 1801లో జెఫర్సను అధ్యక్షుడు కాగానే క్షమించెను. ఆ శాసనము క్రింద నాలుగు నెలల చెరయు, వేయిడాలర్ల జుల్మానాయు ననుభవించిన మాథ్యూ లయన్ చెరలో నుండగానే ప్రజలు మరల తమ ప్రతినిధిగా నెన్నుకొనిరి. 1840లో అమెరికా శాసనసభ ఆ జుల్మానాను వడ్డీతోగూడ ఆయన వారసులకు తిరిగి చెల్లించెను. వడ్డీతో! భిక్షకు వడ్డీ కట్టువారెవ్వరు? ఋణమునకే గదా వడ్డీ.

పశ్చాత్తాపము లేనివానిని విడిచినచో చట్టమునకు గౌరవముండదని రెండవ యాక్షేపణ. దొంగ పశ్చాత్తాపపడుట యనగా ఇక దొంగిలననుట. మాటాడినవాడు పశ్చాత్తాపపడుట యనగా తన మనస్సాక్షిని మార్చుకొంటి ననుట. నిజముగా మార్చుకొనినచో సరే. విడుదలకొరకు మార్చుకొంటి నన్నచో అసత్యము. ప్రభుత్వము తన పౌరునకు అసత్యమును నేర్పి పంపుట చట్టమునకు గౌరవమా?

ఆలసించి తీర్చిన ఋణ మెట్లుండునో మోంటానా రాష్ట్రము చూపినది. ఆ రాష్ట్రము 1918లో తానే యొక రాజద్రోహశాసనము చేసి డెబ్బదితొమ్మిది మందిని శిక్షించెను. అందొకరు 1921లో క్షమింపబడిరి. మిగిలిన డెబ్బదియెనిమిది మందికి 2006 మే 3వ తేదీన గవర్నరు ష్వైట్జర్ క్షమాదానము ప్రకటించెను. ఎనుబదియెనిమిదేండ్ల తరువాత! మనుమలు, మునిమనుమలు వచ్చి ఆ పత్రములు పుచ్చుకొనిరి. వంశమునకు అంటిన మచ్చ పోయినది, అది మేలే. కాని పోయిన యౌవనమును, చెదరిన కాపురమును ఏ పత్రము తెచ్చియిచ్చును? గతజలసేతుబంధన మని మనవారు చెప్పినది ఇట్టిదానినిగూర్చియే.

ఇదంతయు పరదేశపు పాతకథ యని పాఠకులు త్రోసివేయరాదు. మనదేశమున రాజద్రోహనిబంధనను, 124ఎ సెక్షనును, తెల్లవారు 1870లో శిక్షాస్మృతిలో చేర్చిరి. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో రాజద్రోహనేరమున చెరసాల కేగిరి. 1919 డిసెంబరు 23వ తేదీన చక్రవర్తి దయతో రాజకీయఖైదీలకు క్షమ ప్రకటించెను. మూడునెలలైన గడువకమునుపే రౌలటుశాసనమును దులుపుకొన్నారా? లేదు. ఖైదీలు వచ్చిరి, చట్టము నిలిచెను. 1922 మార్చిలో గాంధీమహాత్మునికి ఆ 124ఎ క్రిందనే ఆరేండ్ల శిక్ష విధించిరి. 1924 ఫిబ్రవరిలో శస్త్రచికిత్స యైన పిమ్మట ఏ షరతు లేకుండ విడిచిరి. ఆయన వేడినది లేదు.

స్వరాజ్యము వచ్చినది. వాక్స్వాతంత్ర్యమునకు పరిమితులు వ్రాయునపుడు రాజ్యాంగసభ రాజద్రోహమను మాటను బుద్ధిపూర్వకముగా తొలగించెను. కాని శిక్షాస్మృతిలో సెక్షను నిలిచియుండెను. 1962లో కేదారనాథు వ్యాజ్యమున సుప్రీముకోర్టు దానిని హింసకు పురికొల్పు మాటలకు మాత్రమే పరిమితము చేసెను. 2022 మే 11వ తేదీన ఆ సెక్షను క్రింద నడచు విచారణలను నిలిపియుంచెను. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చినది. అందు రాజద్రోహమను పేరు లేదు, 152వ సెక్షనున్నది. పాతదానిలో యావజ్జీవము కానిచో మూడేండ్లు. క్రొత్తదానిలో యావజ్జీవము కానిచో ఏడేండ్లు. పేరు పోయినది, శిక్ష పెరిగినది.

మన రాజ్యాంగములో 72వ అధికరణము రాష్ట్రపతికిని, 161వ అధికరణము గవర్నరుకును క్షమాధికార మిచ్చుచున్నవి. కాని యొక భేదము గమనింపదగినది. అమెరికా అధ్యక్షుడు శిక్ష పడకముందును క్షమింపవచ్చును. మనదేశమున శిక్ష పడినవానికే ఆ దారి. విచారణయే ముగియక చెరలో మ్రగ్గువానికి రాష్ట్రపతి దయయు అందదు. అట్టివానికి దారి వేరు: ప్రభుత్వపక్షపు న్యాయవాది కోర్టు అనుమతితో అభియోగమును ఉపసంహరించుకొనవలెను. పాత స్మృతిలో 321వ సెక్షను, క్రొత్త నాగరిక సురక్షాసంహితలో 360వ సెక్షను ఆ వీలు కల్పించుచున్నవి. కనుక మనదేశమున ఋణవిమోచనము రాష్ట్రపతి భవనమునందే గాక, ప్రతి జిల్లా కోర్టునందును జరుగవలసియున్నది.

కావున మా కోరిక ఇది. భయకాలము గడచినవెంటనే, మాటవలన మాత్రమే శిక్షితులైనవారిని ఒక్కొక్కరిని ఏరుకొనక, ఒక వర్గముగా విడుదల చేయవలెను. పేరుగలవానికి ముందు, పేరులేనివానికి తరువాత అనరాదు. క్షమాపణపత్రములు, హామీలు, దేశత్యాగములు కోరరాదు. చెరవిడుపుతోపాటు హక్కులను తిరిగి యియ్యవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అప్పు పుట్టించిన చట్టమునే తుడిచివేయవలెను. అమెరికాలో 1918నాటి సవరణను 1921 మార్చి నాటికి తొలగించిరి. కాని 1917నాటి గూఢచర్యశాసనము నేటికిని నిలిచియున్నది. మొగ్గను తుంచి వేరును ఉంచిన చెట్టు మరల చిగుర్చునని వేరుగ చెప్పవలయునా?

హింస చేసినవానిని, హింసకు కూడబలికినవానిని శిక్షింపవలదని మేము అనము. అందుకు వేరు చట్టములు కలవు, అవి చాలును. మేము చెప్పునది, తన యభిప్రాయమును బహిరంగముగా, పేరు దాచుకొనక, నలుగురి యెదుట పలికినవానినిగూర్చి. అట్టివాడు తప్పు పలికియుండవచ్చును. అతనికి బదులు చెప్పుటకు పత్రికలున్నవి, సభలున్నవి, ఈ వ్యాసమును చదువుచున్న పఠనమందిరములున్నవి. బదులు చెప్పలేక చెరలో బెట్టిన ప్రభుత్వము, విడిచిన దినమున దాతవలె నిలువరాదు. తాళపుచెవి తెచ్చి తలుపు తీసి, ఆలసించితి మని చెప్పి, ప్రక్కకు తొలగవలెను.